కొత్త సేల్స్ మేనేజరుకు ఒక ఉత్తరం

తెనాలి

ప్రియమైన మురళీ,

కోస్తా జిల్లాలన్నిటికీ నిన్ను సేల్స్ మేనేజరుగా వేశారన్న కబురు చదివి ఎంతో సంతోషించాను. అయితే ఉత్తరం చివర నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుని వదలలేదు. కిందివాళ్లను గట్టిగా తరమకుండా అమ్మకాలు పెరుగుతాయా అని అడిగావు. కంపెనీ మనిషిగా నువ్వు బల్లకు అవతలి వైపు, ఆ సరుకు కొని కొట్లకు చేర్చే డిస్ట్రిబ్యూటరుగా నేను ఇవతలి వైపు ఇన్నేళ్లుగా కూర్చుంటున్నాం కనుక, ఇవతలి నుంచి ఈ వ్యవహారం ఎలా కనబడుతుందో కాస్త తీరిగ్గా రాస్తాను.

అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు గురించి నువ్వు వినే ఉంటావు. ఖాతాదారుడికి ఒక్క సేవింగ్స్ ఖాతాతో సరిపెట్టకుండా కార్డు, అప్పు, ఆన్‌లైన్ సేవ అంటూ ఒకదాని వెంట ఒకటి అమ్మడంలో ఆ బ్యాంకును మించినది లేదని చాలాకాలం పేరుండేది. ఒక్కో కుటుంబానికి ఎనిమిదేసి అమ్మాలన్నది వాళ్ల లక్ష్యం. ఎనిమిదే ఎందుకంటే, ఇంగ్లీషులో ఆ అంకెకు 'గ్రేట్' అన్న మాటతో ప్రాస కుదిరింది కనుక అని బ్యాంకు అధిపతి జాన్ స్టంఫ్ 2010 వార్షిక నివేదికలోనే రాశాడు. చమత్కారానికే రాశాడనుకుందాం. అయినా ఆ లక్ష్యం ఖాతాదారుల అవసరం చూసి పెట్టింది కాదని అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఆ ఎనిమిది మెట్టు మెట్టుగా కిందికి దిగి, బ్రాంచిలో కౌంటరు వెనక నిలబడిన కుర్రవాడి దగ్గరకు చేరేసరికి రోజువారీ కోటాగా మారింది. జనవరి వచ్చిందంటే ఆ కోటా ఇంకా పెంచేవారు, మన మార్చి క్లోజింగును తలపించేలాగ. అందుకోలేనివాళ్లు ఖాతాదారులకు తెలియకుండా ఖాతాలు తెరిచారు, ఎవరూ అడగని కార్డులు పుట్టించారు, కొన్నిచోట్ల సంతకాలు కూడా తామే పెట్టేశారు. బ్రాంచీల మీద ఉన్న ఈ ఒత్తిడిని లాస్ ఏంజిలిస్ టైమ్స్ 2013 డిసెంబరులో బయటపెట్టింది. 2016 సెప్టెంబరులో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికి అయిదేళ్లలో సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అనుమతి లేకుండా తెరిచి ఉండవచ్చని అనుమానించిన ఖాతాలు మొదట 20 లక్షలన్నారు. మళ్లీ తిరగేస్తే 35 లక్షల దాకా తేలాయి. 2018 ఫిబ్రవరిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఆ బ్యాంకు ఆస్తులు అప్పుడున్న స్థాయిని దాటి పెరగకూడదని కట్టడి పెడితే, అది తొలగడానికి 2025 జూన్ దాకా ఆగవలసి వచ్చింది.

ఈ అంకెలన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది మరొకటి ఉంది. బ్యాంకు స్వతంత్ర డైరెక్టర్లు చేయించిన విచారణ నివేదిక 2017లో వచ్చింది. బ్రాంచీల విభాగాన్ని నడిపిన క్యారీ టోల్‌స్టెడ్‌కు ఎవరైనా తనను ప్రశ్నించడం గానీ, చెడు కబురు చెప్పడం గానీ నచ్చేది కాదని అందులో రాశారు. నా దృష్టిలో మొత్తం కథ అక్కడే ఉంది. చెడు కబురు వినని చోట కిందివాళ్లు మంచి కబురునే తయారుచేసి పంపుతారు. అందులో వాళ్ల దుర్మార్గం కొంత ఉంటే ఉండవచ్చు గానీ, ఇల్లు గడుపుకోవలసిన భయం దానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది.

ఇదంతా ఎక్కడో అమెరికా భాగోతం అనుకోకు. మన లైనులో నెలాఖరు మూడు రోజులూ ఏం జరుగుతుందో నీకు తెలియనిది కాదు. టార్గెట్ అందడానికి ఇంకా కొంత తక్కువ పడిందని సేల్స్ ఆఫీసరు ఫోను చేసి, "అన్నా, ఈ ఒక్కసారికి స్టాకు దింపుకో, వచ్చే నెల స్కీములో సర్దేస్తాను" అని బతిమాలతాడు. మొహమాటానికి దింపుకుంటాం. కంపెనీ పుస్తకాల్లో అది అమ్మకం. నా గోడౌనులో అది ఇంకా అమ్ముడుపోని సరుకు, బ్యాంకు వడ్డీ మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. వచ్చే నెల పాత స్టాకు కదలక నేను ఆర్డరు తగ్గిస్తాను, ఆ కుర్రాడి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆరు నెలలు గడిచేసరికి ఎక్స్‌పైరీ సరుకంతా రిటర్నుగా మీకే వస్తుంది. ప్రైమరీ అంకె, అంటే కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు వేసిన బిల్లు, ఒక్కటే చూసే మేనేజరుకు ఈ మధ్యలో ఏమీ కనబడదు, కనబడనివ్వరు కూడా.

దీనికి విరుగుడు ఏమిటంటే, నాకు కడలూరు రంగనాథన్ గుర్తుకొస్తాడు. ఇంటి వ్యాపారం నుంచి విడిపోయి, 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ మొదలుపెట్టినవాడు. ఆ కంపెనీయే తర్వాత కెవిన్‌కేర్ అయింది. పల్లెల్లో జనం ముందే ఒక కుర్రవాడికి తలంటి, ఆ జుట్టును అందరిచేతా ముట్టి చూపించేవారు. మరో పథకం కూడా పెట్టారు: ఏ కంపెనీవైనా సరే, ఖాళీ సాచెట్లు అయిదు తెస్తే ఒక చిక్ సాచెట్ ఉచితం. తర్వాత తర్వాత చిక్ ఖాళీలకే ఇస్తామన్నారు. దీన్ని అందరూ ప్రచారపు ఎత్తుగడగా మెచ్చుకుంటారు గానీ, నాకు అందులో కనబడేది వేరు. ఖాళీ సాచెట్ తిరిగి వచ్చిందంటే ఎక్కడో ఎవరో తల రుద్దుకున్నట్టే లెక్క. నెలాఖరున గోడౌనుకు దింపిన పెట్టెలోంచి ఖాళీలు రావు.

అలాగే నిర్మా సంగతి. కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాదులో ఇంటి దగ్గరే బట్టలుతికే పొడి తయారుచేసి, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి కిలో మూడు రూపాయలకు అమ్మాడు. సర్ఫ్ ధర దానికి ఎన్నో రెట్లు. సర్ఫ్ అమ్మే హిందుస్థాన్ లీవర్ పెద్దలకు చాలాకాలం ఆ పొడి కొనేవాళ్లు తమ కొనుగోలుదారులుగా కనబడనే లేదు. ఆ చిన్నచూపు ఖరీదు తెలిసివచ్చాక తయారీ ఖర్చు మొదలు పంపిణీ దాకా అన్నీ తిరగరాసుకుని, 1980లలో వీల్ అనే చవక పొడిని బజారులోకి దించారు. వాళ్లను నేను మెచ్చుకునేది ఇందుకే: కింది బజారు నుంచి వచ్చిన చెడు కబురును ఆలస్యంగానైనా విన్నారు, విని ఊరుకోలేదు. మేనేజ్‌మెంట్ ట్రైనీలను కొంతకాలం పల్లెల్లో ఉంచే ఆనవాయితీ కూడా ఆ కంపెనీలో ఉంది. హోటల్ హాలులో చప్పట్లు కొట్టించి ఉత్సాహం నూరిపోసే శిక్షణ తరగతులన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. ఆ తరగతుల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదని నీకు తెలుసు.

ఇక నీ ప్రశ్న. తరమడం మానేసి మెత్తగా ఉండమని నేననను. మెతక మేనేజరు కింద పనిచేసే కుర్రాళ్లు రూటుకు పోకుండా టీకొట్టు దగ్గర ఆర్డర్లు రాసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. గట్టిగానే అడుగు, కాని అడిగేదేమిటో మార్చుకో. ఎంత బిల్లు వేశావని అడిగే ముందు, కిందటి నెల కొని ఈ నెల కొనని కొట్లు ఏవి, ఎందుకని అడుగు. ఇన్సెంటివ్‌ను నా గోడౌనులోకి వచ్చిన సరుకు మీద కాక, కొట్లలోకి వెళ్లిన సరుకు మీద కట్టించగలవేమో చూడు. కొత్త మేనేజరు వస్తున్నాడని ముందే చెబితే కొట్టువాళ్ల చేత కూడా మంచిమాటలే చెప్పిస్తారు కనుక, చెప్పకుండా రూటులో దిగు. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో వెనకబడినవాళ్ల పేర్లు ఎర్ర రంగులో పెట్టే ఆచారం మీ ఆఫీసులో ఉంటే, దాన్ని మాత్రం మొదటి రోజునే ఆపించు. ఆ ఎర్ర రంగు తప్పించుకోవడానికే సగం దొంగ ఆర్డర్లు పుడతాయి.

ఒక చిక్కు ఉంది, దాచకుండా చెబుతున్నాను. ఇవన్నీ నువ్వు నిజంగా చేస్తే మొదటి రెండు మూడు నెలలూ నీ ప్రైమరీ అంకె పడిపోతుంది, ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ల దగ్గర పేరుకున్న స్టాకు ముందు కరగాలి. ఆ పడిపోవడాన్ని హైదరాబాదులోని మీ పెద్దలు నీ చేతకానితనం అనుకోకముందే, ఎంత తగ్గుతుందో, ఎందుకు తగ్గుతుందో లెక్కలతో సహా నువ్వే వెళ్లి చెప్పాలి. అప్పుడు వాళ్లు చెడు కబురు వినే రకమో కాదో నీకే తెలుస్తుంది. వచ్చే నెల సమీక్షకు ముందు మా తెనాలి, గుంటూరు డిస్ట్రిబ్యూటర్ల దగ్గరున్న స్టాకు వివరాలు కావాలంటే, నాది వెంటనే పంపుతాను, మిగతావాళ్లను కూడా అడిగి చూస్తాను. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు
సుబ్బారావు