దీపావళి తర్వాత మా ఆంప్ కొన్నవాళ్లు ఇది చదవండి

ముందే చెప్పేస్తున్నా, తప్పు నాదే. దీపావళి తర్వాత నేను కట్టిన 14 ట్యూబ్ ఆంప్‌లలో (గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటార్ సౌండ్ పెంచే ఆంప్లిఫయర్లు) నాలుగింటికి ఒకే కంప్లయింట్ వచ్చింది. ఆన్ చేసిన ఇరవై నిమిషాల పాటు గుడిగంటలా మోగుతుంది, ఆ తర్వాత వాల్యూమ్ 2 మీద ఉన్నా సరే గొంతు బొంగురుపోతుంది. చర్చిలో వాయించే ఒకాయన ఫోన్ చేసి "బ్రదర్, రెండో పాటకల్లా గిటార్‌కి జలుబు చేస్తోంది" అన్నారు. నేనేమో ట్యూబులు పోయుంటాయి, మార్చి చూడండి అని తేలిగ్గా చెప్పేశాను. ఆయన సొంత డబ్బుతో కొత్త 6వీ6 (స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబు) జత కొని పెట్టుకున్నారు, జలుబు మాత్రం తగ్గలేదు.

ఆ ఆంప్ తెప్పించి వర్క్‌షాపులో లైట్లు ఆర్పేసి కూర్చున్నాను. పావుగంట దాటాక రెండు పవర్ ట్యూబుల్లో ఒకదాని ప్లేటు, అంటే లోపలి బూడిదరంగు రేకు, కాలిన పెనంలా ఎర్రబడింది. రెండిటినీ ఒకదాని చోట ఒకటి పెట్టాను. ఎరుపు ట్యూబుతో పాటు వెళ్లలేదు, అదే సాకెట్‌లో ఉండిపోయింది, అంటే తప్పు ట్యూబుది కాదు. ఆయన ట్యూబులు కొనడానికి ముందు ఈ పని చేయమని నేను చెప్పి ఉండాల్సింది.

6వీ6లు పీకేసి ఆ సాకెట్ 5వ పిన్ (ట్యూబులో కరెంటును అదుపు చేసే గ్రిడ్) దగ్గర మీటర్ పెడితే, సున్నా చూపించాల్సిన చోట 4 వోల్టులు. కప్లింగ్ కెపాసిటర్ (ముందు ట్యూబు నుంచి డీసీ వోల్టేజీని ఆపి, సౌండ్ సిగ్నల్‌ని మాత్రం పంపేది) మీద హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి గాలి కొడితే 9కి ఎక్కింది. అంటే కెపాసిటర్ డీసీని ఆపలేక కారుతోంది. ఆ వోల్టేజీ గ్రిడ్ మీద పడి ఒక ట్యూబు ఎక్కువ లాగేస్తుంది, రెండిటి కరెంటూ వెళ్లే క్యాథోడ్ రెసిస్టర్ ఒకటే కాబట్టి రెండోది నీరసపడుతుంది. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి పరిగెత్తి ఒకటి నిలబడిపోతే బండి ఎలా పోతుందో, సౌండ్ అలా వస్తుంది.

కెపాసిటర్ ఎందుకు కారిందంటే, నా పిసినారితనం వల్ల. ఎప్పుడూ వాడే, 630 వోల్టుల దాకా తట్టుకునేవి అయిపోతే 400 వోల్టులవి వేశాను. నడుస్తున్నప్పుడు అక్కడ ఉండేది 200 పైచిలుకే కదా అని. కానీ స్విచ్ వేయగానే 5వై3 రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే ట్యూబు) ముందు మేలుకుంటుంది, మిగతా ట్యూబులు వేడెక్కడానికి ఇంకాస్త టైం పడుతుంది. ఆ కాసేపు లోడ్ ఉండదు కాబట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌లోని 325 వోల్టుల వైండింగ్ నుంచి 460 దాకా నేరుగా ఆ కెపాసిటర్ మీద పడుతుంది. రాత్రిళ్లు కరెంటు 250 వచ్చిందంటే దాదాపు 500. రోజూ ఆ దెబ్బ తిన్నాక అది నిలబడుతుందా! కెపాసిటర్‌ని ఏమీ అనలేను, పెట్టకూడని చోట పెట్టింది నేను.

14 ఆంప్‌లూ వెనక్కి తీసుకుంటున్నాను, బాగా మోగుతున్నవి కూడా. రానుపోను కొరియర్ నాదే, ఒక్కోదానికి వారం పడుతుంది. చర్చి ఆయన ట్యూబుల డబ్బు ఇచ్చేశాను. మీలో ఇంకెవరైనా నా మాట విని ట్యూబులు కొనుంటే బిల్లు పంపండి. వాల్యూమ్ 5 దాటాక వచ్చే కరకర గురించి మాత్రం పంపొద్దు, ఈ ఆంప్ కొనేదే దానికోసం.

కిట్ తీసుకుని ఇంట్లో కట్టుకున్న ముగ్గురికీ 630 వోల్టుల కెపాసిటర్లు పోస్టులో వేశాను. ప్లగ్ పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో (డీసీని నిల్వ చేసి నిలకడగా ఇచ్చే పెద్దవి) ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండొచ్చు. మీటర్ పెట్టి, 10 వోల్టుల లోపు పడిందని చూశాకే చెయ్యి పెట్టండి. ఇదంతా అలవాటు లేకపోతే ఆంప్ నాకే పంపండి. ప్లేటు ఎర్రగా కనిపిస్తే పాట మధ్యలో ఉన్నా ఆపేయండి. టెస్టింగ్ అంటూ స్పీకర్ వైరు తీసేసి మాత్రం ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అది నా ఖాతాలో వేసుకోను.