తాలు ఏరతారండీ, వర్గీకరించరు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మిర్చి యార్డు ఫొటో వేశారు. ఫొటో బాగుంది. కింద మాత్రం "మిర్చిని వర్గీకరిస్తున్న మహిళా కూలీలు" అని రాశారు. వర్గీకరణ అంటే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఎస్సీ కులాల సంగతని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. కాయలకూ వచ్చిందా అని కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివాను.

ఆ ఆడవాళ్లు చేసేది తాలు ఏరడం. మా అమ్మ కల్లంలో పట్టా మీద కూర్చుని ఏరేది. రంగు పోయి తెల్లబారిన తాలుకాయ ఎడమ పక్కకి, ఎర్రకాయ గంపలోకి. మనం చూసేలోపే చెయ్యి దాన్ని పక్కకి తోసేసేది. ఆ చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఆ రాత్రికి నిద్ర లేనట్టే. టిక్కీలో, అదే మిర్చి బస్తాలో, తాలు కనబడితే యార్డులో ధర కోసేస్తారు మరి.

మాటల్లేక కాదు కదా. చేటతో బియ్యం చెరుగుతాం, పిండి జల్లిస్తాం, రాళ్లు ఏరతాం. రాళ్లు ఏరేది పారేయడానికి, కోతయ్యాక చేలో మిగిలిన పరిగె ఏరేది దాచుకోవడానికి. అందుకే ఏది ఏరుతున్నామో చెప్పాలి. "మిర్చిని ఏరుతున్న" అని రాసినా సగం తప్పే, "తాలు ఏరుతున్న" అనాలి. మీ వాళ్లకి ఈ మాటల్లో తూర్పారబట్టడం ఒక్కటే గుర్తున్నట్టుంది, అదీ ప్రతిపక్షాలకి వదిలేశారు.

మిమ్మల్నొక్కరినే అని ఏం లాభం! మా అపార్ట్‌మెంట్ గేటుకి ఏదో ఆఫీసు వాళ్లు కాగితం అంటించారు: "తడి, పొడి, ప్రమాదకర వ్యర్థములను మూలస్థానమునందే విభజించవలెను." 2016 నాటి చెత్త నిబంధనల్లోనే చెప్పిన మంచి విషయమే. మా వాచ్‌మన్ భార్య నాతో చదివించుకుని, "అంటే వేరువేరుగా పెట్టమనేనా బాబాయిగారూ?" అంది. ఆ ముక్కే రాయడానికి ఏం అడ్డమొచ్చింది? విభజన 2014లో చూశాం, చాలు. పైగా మేం వేరు చేసి పెట్టిందంతా బండిలో ఒకే గుట్టగా కుమ్మరిస్తున్నారు. దాన్ని ఏకీకరణ అంటారు కాబోలు.

ఈసారి ఫొటో కింద రాసేముందు మీ విలేకరిని ఆ ఆడవాళ్ల పక్కన ఓ గంట కూర్చోమనండి. చేతిరుమాలు మర్చిపోవద్దని చెప్పండి.

— ఒక పాఠకుడు, పట్టాభిపురం, గుంటూరు