కన్వర్షన్ తర్వాత చూసుకోవచ్చా?

సంపాదకులు గారికి నమస్కారం.

బరంపురంలో ఇళ్ల స్థలాల ధరల మీద ఇక్కడి రియల్ ఎస్టేట్ ఏజెంటు ఒకాయనతో మీరు ముఖాముఖి వేసి పది రోజులు దాటింది. రాద్దామా వద్దా అని ఇన్నాళ్లు ఆగాను. నిన్న మా వీధి టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని అంబపువా వైపు స్థలం చూడటానికి బయల్దేరారు. అది చూశాక ఇంక ఆగలేకపోయాను.

గోపాల్‌పూర్ పోర్టు, టాటా వారి పారిశ్రామికవాడ, ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ వీటితో ఊరు నాలుగు వైపులా పెరుగుతోందని, ఈ ఏడు కొననివాళ్లు వచ్చే ఏడు కొనలేరని ఆయన చెప్పారు. లౌడిగాం దారిలో పొలాల్లో హద్దు రాళ్లు పాతడం నేనూ చూస్తున్నాను. ధర విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. కానీ భూమి ఘరబారి, అంటే ఇంటి స్థలంగా నమోదైనది, కాకపోయినా ఫర్వాలేదు, ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆ మార్పిడి, అదే కన్వర్షన్, తర్వాత చూసుకోవచ్చు అన్నారు చూడండి, అక్కడ నాకు కడుపు మండింది. మీ విలేకరి ఒక్క ఎదురు ప్రశ్న వేయకుండా ఆ మాట రాసుకొచ్చారు.

ఆ మాట నమ్మి దెబ్బతిన్న ఇల్లు మాది. మా చెల్లెలి కొడుకు సూరత్‌లో మరమగ్గాల మిల్లులో పని చేస్తాడు. గంజాం నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఎలా బతుకుతారో ఈ జిల్లాలో ఎవరికి తెలియదు? ఒకే గదిలో పగలు షిఫ్టు వాళ్లు రాత్రి, రాత్రి షిఫ్టు వాళ్లు పగలు పడుకుంటారు. అలా పదకొండేళ్లు కూడబెట్టిన డబ్బుతో ఊరవతల ఒక గుంట కొన్నాడు. మన దగ్గర గుంట అంటే నాలుగు డిసిమల్‌లు, అంటే నాలుగు సెంట్లు; ఎకరానికి 25 గుంటలు. ఫోనులో ఫొటోలు చూసి బేరం కుదుర్చుకుని, రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి సంతకాలు పెట్టి వెళ్లిపోయాడు. అమ్మింది మీరు మాట్లాడించిన ఆయన కాదు, వేరే ఆయన. చెప్పిన మాట మాత్రం అదే. పట్టాలో భూమి రకం రాసే కిసం గడిలో 'సారద' అని ఉంది, అంటే వరి పొలం. వాడు బళ్లో చదివింది ఒడియానే, చదవలేక కాదు. ఆ గడి చూసుకోవాలని వాడికి చెప్పిన నాథుడు లేడు.

ఇప్పుడు ఇంటి ప్లాన్‌కి వెళితే ముందు ఘరబారిగా మార్చుకు రమ్మన్నారు. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారుకి దరఖాస్తు పెడితే, ప్లాటుకి సరైన దారి లేదన్నారు. అమ్మినవాళ్లిచ్చిన మ్యాపులో 20 అడుగుల రోడ్డుంది. నేనూ మా చెల్లెలూ టేపు తీసుకుని వెళ్లాం. ఒక చోట 11 అడుగులు, మలుపు దగ్గర తొమ్మిదిన్నర. ముందురోజు వాన పడింది, స్థలంలో మోకాలి లోతు నీళ్లు, హద్దు రాళ్ల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. ఎగువ పొలాల నీళ్లు దిగే కాలవని మట్టితో కప్పేసి, దాని మీదే ప్లాట్లు వేశారు. మా చెల్లెలు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడి, కొడుక్కి వీడియో కాల్ చేయబోయింది. చేయకుండానే ఫోను కొంగున ముడి వేసుకుంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రిని చూసిన ఊరు మనది. పల్లపు పొలాలు పూడ్చుకుంటూ పోతుంటే, రేపు అంత వాన పడితే నీళ్లు ఎటు పోవాలి? అడగాల్సిన ఆఫీసులు ఏం చేస్తున్నాయి? రిజిస్ట్రేషన్ ఆఫీసువారు కిసం చూస్తూనే స్టాంపు డ్యూటీ, ఫీజు పైసా తగ్గకుండా కట్టించుకున్నారు. తీరా వెళ్లి అడిగితే అది మా పని కాదన్నారు. కార్పొరేషన్ తహసీల్‌కి పొమ్మంది, తహసీల్ మళ్లీ వేరే చోటికి పొమ్మంది. నేను రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఫైలు తిప్పి పంపేటప్పుడు కారణం కాగితం మీద రాసేవాళ్లం. ఇక్కడ ఏదీ రాసివ్వరు, నోటిమాటే. ఒడిశా ఏర్పడక ముందు, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో తెలుగులో రాసిన మా తాతగారి దస్తావేజు చూపిస్తే, చదివేవాళ్లు లేరని పక్కన పడేశారు. ఇంత తెలుగు జనం ఉన్న ఊళ్లో ఆ కాగితం చదవగలిగిన మనిషి ఒక్కడు లేకపోవడం నాకు బాధగా ఉంది.

2016లో వచ్చిన రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ నమోదు కావాలి. ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి, నమోదు కాని ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మిపెట్టకూడదు. ఒప్పందం రిజిస్టర్ కాకుండా లేఅవుట్ వేసి అమ్మే ప్రమోటరు పది శాతానికి మించి తీసుకోకూడదు. మా వాడి దగ్గర సగం డబ్బు తెల్ల కాగితం మీద సంతకం చేసి తీసుకున్నారు. మీరు ముఖాముఖి చేసిన ఆయన నమోదు నంబరు ఎంత? కనీసం అడిగారా? ఆ పేజీ కిందనే రెండు ప్లాట్ల ప్రకటనలు వేశారు, వాటిలో నాకు ఏ నంబరూ కనిపించలేదు. పత్రికలో వచ్చిందంటే అబద్ధం ఉండదని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారండీ, ఆ టీ కొట్టు దగ్గరి కుర్రాళ్లు అలాంటివాళ్లే.

నేను అడిగేది ఒక్కటే. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, పట్టాలో ఏ గడి చూడాలో, సారద భూమిని ఘరబారి చేయడానికి ఏమేం కావాలో తహసీల్దారు చేతే చెప్పించి వేయండి. దసరాకి సూరత్ వాళ్లంతా ఊరికొస్తారు. వాళ్లు అడ్వాన్సులు ఇచ్చేలోపు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గోసానినూగాం, బరంపురం