‘చూసుకోండి బాబూ’ అంటే సమ్మతి ఇచ్చినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో సోదాల వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ఒక వాక్యం ఉంటుంది, ఇంటివాళ్ల అనుమతితోనే తనిఖీ చేశామని పోలీసులు తెలిపారు అని. ఇన్నాళ్లూ నేనూ అది చదివీ చదవనట్టు చదివేసి క్రికెట్ పేజీకి వెళ్లిపోయేవాడినే. ఈమధ్య ఆ వాక్యం మా పిన్ని గుమ్మంలోకే వచ్చింది. అప్పట్నుంచి దాన్ని దాటి వెళ్లలేకపోతున్నాను, అందుకే ఈ ఉత్తరం.

మా పిన్నిది గజపతినగరం దగ్గర పల్లె, అరవై ఎనిమిదేళ్లు. పక్క వీధి కుర్రాడెవడో గంజాయి కేసులో దొరికాడట, వాడి ఫోన్లో మా పిన్ని మనవడి నంబరు ఉందట. పొద్దున్న ఆరు గంటలకి, ఆవిడ వాకిలి సగం ఊడ్చి ముగ్గు గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా ఒక ఎస్సై గారు, ఇద్దరు కానిస్టేబుళ్లు, వెనకాల వీఆర్వో వచ్చారు. గట్టిగా మాట్లాడలేదు, బెదిరించలేదు. “అమ్మా, లోపల ఒకసారి చూసుకుంటాం, మీకేం అభ్యంతరం లేదు కదా” అన్నారు. ఆవిడ “చూసుకోండి బాబూ, నాకేటి అభ్యంతరం” అంది. మరి ఇంకేమంటుంది? గుమ్మంలో నలుగురు నిలబడి అలా అడిగితే మా విజయనగరం జిల్లాలో ఏ ఇంటి ఆడమనిషైనా అదే అంటుంది, కాకపోతే కాఫీ కూడా తాగమంటుంది.

బీరువా తీశారు. మంచం కింద ట్రంకు పెట్టె లాగారు. బియ్యం డ్రమ్ము చాప మీద గుమ్మరించారు. బియ్యం లోంచి పాలిథిన్ కవర్లో చుట్టిన రెండు వేల ఎనిమిది వందలు బయటపడ్డాయి. డ్వాక్రా వాయిదా కోసం ఆవిడ దాచుకున్నవి, మా బాబాయికి కూడా తెలీదు (ఇప్పుడు తెలిసిపోయింది, అది వేరే గొడవ). లెక్కపెట్టి తిరిగి ఆవిడ చేతికే ఇచ్చారు. ఒక కుర్ర కానిస్టేబుల్ కింద కూర్చుని చాప మీద బియ్యమంతా డ్రమ్ములోకి ఎత్తాడు కూడా, అదీ చెప్పాలి. ఏమీ దొరకలేదు. వెళ్లేముందు ఒక కాగితం ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టమ్మా అన్నారు. కళ్లజోడు లోపలుంది, తెచ్చుకునే టైము ఎవరిస్తారు, పెట్టేసింది.

వీఆర్వో గారు నాకు తెలిసినాయనే, అడిగితే ఆ కాగితం ఫోటో పంపాడు. చూసి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఎందుకంటే అది నేను టైప్ చేసిన కాగితమే.

నేను ఇక్కడ కోర్టు దగ్గర చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతాను. చాలా ఏళ్ల కిందట ఎవరో వచ్చి సమ్మతి పత్రం ఒక ఫార్మాట్ చేసిపెట్టమంటే, అనూ ఫాంటులో కొట్టిచ్చాను. ‘నేను నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ ప్రలోబమూ లేకుండా’ అని. ‘ప్రలోభం’లో భకి ఒత్తు ఎగిరిపోయింది, అప్పుడు నేను చూసుకోలేదు. అదే తప్పు, అదే ఫాంటు, పదోసారో ఇరవయ్యోసారో జిరాక్స్ తీయడం వల్ల అక్షరాలు కాస్త నలిగి, కింద మా పిన్ని వంకర సంతకం. పేరు, ఊరు, తారీఖు, సమయం మాత్రం ఖాళీలు. సమయం దగ్గర ఆరు గంటలు అని రాసి ఉంది. సంతకం పెట్టింది బియ్యం ఎత్తేశాక, ఏడు దాటాక. అంటే ఆ కాగితం ప్రకారం ముందు ఆవిడ రాసిచ్చింది, తర్వాత వీళ్లు లోపలికెళ్లారు!

అందుకని పోలీసుల మీద కంప్లైంట్ రాస్తున్నానని అనుకోకండి. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్నాం, గంజాయి మన రోడ్ల మీంచే, మన రైళ్లలోంచే పోతుంది, మన పల్లెల్లో కుర్రాళ్లు మోత కూలికి ఆశపడి ఇరుక్కుంటున్నారు. వెతకొద్దని ఎవరూ అనరు. నా ప్రశ్న ఒక్కటే: వద్దనొచ్చని తెలియని మనిషి చేత సరే అనిపిస్తే, అది సరే అవుతుందా?

కోర్టు దగ్గర కూర్చునేవాడిని కాబట్టి తీర్పులు టైప్ చేస్తూ చేస్తూ కొంత వంటబట్టింది, మిగతాది మా షాపుకొచ్చే ఒక కుర్ర అడ్వకేటుని అడిగి తెలుసుకున్నాను.

ముందు ఒంటి మీద సోదా. గంజాయి కేసులకి వాడే మత్తుపదార్థాల చట్టం, ఎన్డీపీఎస్ అంటారు, 1985ది. దాని 50వ సెక్షన్ ప్రకారం, పట్టుబడ్డ మనిషి నన్ను దగ్గర్లోని గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో తనిఖీ చేయండి అని అడగొచ్చు. ఆ హక్కు ఉందని వాడికి చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి తేల్చేసింది. ఏదో సుమారుగా చెప్పాం లెండి అంటే చాలదంది. ఎందుకింత పట్టు అంటే, ఆ చట్టంలో శిక్షలు మామూలువి కావు, గంజాయి ఇరవై కిలోలు దాటిందంటే పదేళ్లకు తగ్గదు. 2014లో రాజస్థాన్ నుంచి ఒక నల్లమందు కేసు వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకే నోటీసు ఇచ్చి, ఒకడి చేతే ఇద్దరి తరఫునా సంతకం పెట్టించారు. పైగా మేజిస్ట్రేటూ గెజిటెడ్ అధికారీ కాకపోతే మా బృందంలోనే ఉన్న సూపరింటెండెంట్ గారి ముందు కూడా చేయించుకోవచ్చు అని చట్టంలో లేని మూడో దారి చూపించారు. సుప్రీంకోర్టు దగ్గర అది నిలబడలేదు, ఇద్దరూ బయటపడ్డారు. తొందరపడి సంతకం గీయిస్తే చివరికి లాభం ఎవరికో చూడండి.

అయితే ఈ రక్షణ ఒంటికే. చేతిలో సంచికీ, బండి డిక్కీకీ వర్తించదని 2005లో చెప్పారు, 2023లో మళ్లీ చెప్పారు. చొక్కా జేబుకి ఉన్న హక్కు భుజాన ఉన్న బ్యాగుకి లేదన్నమాట. నాకది కాస్త విడ్డూరంగానే ఉంటుంది కానీ తీర్పు తీర్పే.

ఇక ఇల్లు. మామూలు కేసుల్లో ఇప్పుడు నడుస్తున్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే పోలీసులూ కోర్టులూ కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం. 2024 జులై 1 నుంచి, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది. వారెంట్ లేకుండా సోదాకి వచ్చే అధికారి, ఎందుకు వెతకాలనుకుంటున్నాడో, ఏం దొరుకుతుందనుకుంటున్నాడో ముందే కాగితం మీద రాసుకోవాలని 185వ సెక్షన్ చెప్తోంది. ఆ రాసినదాని కాపీ 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకి వెళ్లాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెడితే మేజిస్ట్రేటు దగ్గర్నుంచి ఆ కాపీ ఉచితంగా వస్తుంది. ఇది ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే, షాపు పెట్టి ఇన్నేళ్లలో అలాంటి దరఖాస్తు టైప్ చేయమని ఒక్కరూ రాలేదు. 103వ సెక్షన్ ప్రకారం ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషులు, మనవాళ్లు మధ్యవర్తులు అంటారు, వాళ్ల ఎదుట వెతకాలి. ఇంటి మనిషిని దగ్గరుండనివ్వాలి, తీసుకున్న వస్తువుల జాబితా కాపీ ఇవ్వాలి. 105వ సెక్షన్ కొత్తది, సోదా మొత్తం వీడియో తీయాలంటుంది, సెల్‌ఫోన్లో అయినా సరే.

ఇవన్నీ చదివితే ఎక్కడా ఇంటివాళ్లు సరేనంటే కారణం రాసుకోనక్కర్లేదు అన్న మాట లేదు. నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. మా పిన్ని సంతకం ఆవిడ కోసం తీసుకున్నది కాదు, ఆ కారణం రాసే పని తప్పించుకోవడానికి తీసుకున్నది. ఒక ఫోన్ నంబరు మాత్రమే చేతిలో ఉంటే మేజిస్ట్రేటు చదివే కాగితం మీద ఏం రాస్తారు? అందుకే ‘అభ్యంతరం లేదు కదా’ అనే ప్రశ్న.

మరి అలా చేసిన సోదా చెల్లదా అంటే, అంత సులువు కాదు. సోదాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యానికి పనికిరాకుండా పోదని 1973లో ఒక ఇన్‌కమ్‌ట్యాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1962లో ఒక పోస్ట్‌మ్యాన్ కేసులో, చట్టం తప్పి చేసే సోదాని ఇంటాయన అడ్డుకోవచ్చని, అలాంటి సోదాలో దొరికినదాన్ని కోర్టు జాగ్రత్తగా చూడాలని కూడా అంది. అడ్డుకోవడం సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పను, గుమ్మంలో ఖాకీ చొక్కాకి చెయ్యి అడ్డం పెట్టడం పుస్తకంలో బాగుంటుంది. ఎలా చూసినా ఈ వాదనలన్నీ ఏదో ఒకటి దొరికినవాడి కోసం. వాడికి కేసుంటుంది, లాయరుంటాడు, సమ్మతి పత్రంలో సమయం తప్పుందని జడ్జి గారికి చూపిస్తాడు. ఏమీ దొరకని మా పిన్ని కాగితాన్ని ఏ జడ్జీ చూడడు. అది ఒక ఫైల్లో పడి ఉంటుంది, అందులో ఆవిడ పూర్తి ఇష్టంతో ఉంటుంది.

ఈ పేచీ మనదొక్కటే కాదు. అమెరికాలో 1968లో ఒక కేసు, నార్త్ కరోలినాలో అరవై ఆరేళ్ల నల్లజాతి మామ్మ ఇంటికి పోలీసులు వెళ్లి వారెంటు ఉంది అన్నారు, ఆవిడ సరే రండి అంది. తర్వాత కోర్టులో వారెంటు మాట వదిలేసి, ఆవిడే ఒప్పుకుంది కదా అని వాదించారు. అధికారం ఉందని చెప్పి అడిగినప్పుడు వచ్చిన ‘సరే’ లొంగుబాటే కానీ సమ్మతి కాదని అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ అదే కోర్టు ఐదేళ్ల తర్వాత, 1973లో, వద్దనే హక్కు ఉందని పోలీసులు చెప్పనక్కర్లేదు, పరిస్థితులన్నీ చూసి ఇష్టంతో చెప్పారా లేదా తేలుస్తాం అంది. ఆ రెండో తీర్పు నాకు నచ్చలేదు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అర నిమిషం.

ఫోన్ సంగతి ఎత్తితే ఇంకో ఉత్తరం అవుతుంది. మనవడి ఫోన్ కూడా లాక్ తీయించి చూశారు, దాని గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

మా పిన్ని మాట ఒకటి చెప్పాలి. వీధిలో వాళ్లు అడుగుతున్నారట, ఎందుకొచ్చారు, ఏటి దొరికింది అని. “అడిగారు, రమ్మన్నాను, ఇప్పుడు ఏటనగలను, నానే కదా సూసుకోమన్నాను” అంటుంది. వచ్చినవాళ్ల మీద కోపం లేదు ఆవిడకి, తన మీదే. ఆ రోజు నుంచి డ్వాక్రా మీటింగుకి కూడా వెళ్లడం లేదు.

నా తప్పు నేను దిద్దుకుందామని ఆ పత్రం మళ్లీ కొట్టాను. పెద్ద అక్షరాలు, పద్నాలుగు సైజు. మొదటి వాక్యం: ‘ఈ సోదాకి మీరు వద్దని చెప్పవచ్చు. వద్దన్నందుకు మీ మీద కేసు పెట్టరు.’ రెండోది: ‘మేము వెతకాలనుకుంటున్న కారణం ఇది’, దాని కింద నాలుగు ఖాళీ గీతలు. తర్వాత చదివి వినిపించినవారి సంతకం, వినిపించిన సమయం. సంతకం పెట్టిన సమయం వేరేగా. వీడియో తలుపు తట్టినప్పటి నుంచి మొదలైందా అని ఒక గడి, ఎందుకంటే అడగడం కూడా సోదాలో భాగమే, బీరువా దగ్గర కెమెరా ఆన్ చేస్తే గుమ్మంలో ఏం జరిగిందో ఎవరికి తెలుస్తుంది. అడుగున చింపి ఇంటివాళ్లకి ఇచ్చే రసీదు ముక్క.

మా పిన్నికి చదివి వినిపించాను. “వద్దంటే మాత్రం ఊరుకుంటారేటి?” అంది. ఊరుకోరు పిన్నీ, నిజంగా అనుమానం ఉంటే కారణం రాసుకుని వస్తారు, అప్పుడు నువ్వు తలుపు తీయాల్సిందే. కానీ ఆ రాసిన కాగితం ఒకటి మేజిస్ట్రేటు దగ్గర ఉంటుంది, ఇంకోటి నువ్వు అడిగి తెచ్చుకోవచ్చు, నువ్వే రమ్మన్నావని మాత్రం ఎవరూ అనలేరు, అన్నాను. కాసేపు ఆలోచించి, ఆ నాలుగు గీతలు చాలవురా, ఇంకో రెండు వెయ్యి అంది. వేశాను.

పాత ఫార్మాట్ వాడుతున్న స్టేషన్ల వాళ్లెవరైనా ఈ ఉత్తరం చదివితే, మీ దగ్గరున్న కాపీలో ‘ప్రలోబం’ అని ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉంటే అది మా షాపుదే. కొత్తది పట్టుకెళ్లండి, టైపింగుకి డబ్బులు తీసుకోను, ఏ4 కాగితాలు మాత్రం తెచ్చుకోండి.

ఇట్లు,
కోర్టు దగ్గర డీటీపీ షాపు నడిపే మీ పాఠకుడు,
విజయనగరం