తూము తాత చేతిలోనే ఉండేది

బిడ్డా,

ఎట్లున్నావు? నువ్వు ఫోన్ చేయక పదకొండు రోజులైంది. మెసేజ్ పెడితే "బిజీ అమ్మా" అని ఒక్క ముక్క. ఇక్కడ అంతా మంచిదే. నాయిన బీపీ గోళీలు వేసుకుంటున్నాడు, బర్రె ఈనింది, ఈసారి బత్తాయి కాపు తక్కువే.

దేవరకొండ అంగట్లో చిన్నమ్మ కలిసింది. నీ ప్రాజెక్టుకు నీతో పాటు ఇంకో అమ్మాయిని కూడా లీడ్‌గా పెట్టారట, అందుకే రిజైన్ చేస్తానంటున్నావట. అడగొద్దనే అనుకున్నాను, కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

మీ తాత సంగతి నీకు సగమే తెలుసు. ఊరి చెరువుకు ఆయన నీరడి. తూము ఎత్తినా దించినా ఆయన చెయ్యే పడాలి, సర్పంచు కూడా ముట్టొద్దు. కానీ ఎన్ని ఎకరాలు పారించాలో చెప్పేది ఆయన కాదు. చెరువు సగమే నిండిన ఏడు రైతులంతా కట్ట మీద వేపచెట్టు కింద కూర్చొని, ఎవరి మడిలో వాళ్లు సగమే నాటు వేయాలని తేల్చుకునేవాళ్లు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఒక రాత్రి మత్తడి దుంకుతుంటే కట్టకు బుంగ పడింది. తాత కందిలి పట్టుకొని, నువ్వు బస్తాలు తే, నువ్వు తుమ్మకొమ్మలు నరుకు అని అరుస్తుంటే సర్పంచు కూడా నెత్తిన తట్ట పెట్టుకొని మట్టి మోశాడు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. తెల్లారి అదే వేపచెట్టు కింద తాతను నిలబెట్టి, బుంగ ముందే ఎందుకు చూడలేదని అడిగారు. జ్వరమొచ్చి రెండు రోజులు కట్ట తిరగలేదు, ఎవరికీ చెప్పలేదు అన్నాడు. అప్పుడు ఊరు ఆయనకు ఒక తోడు మనిషిని పెట్టింది. తన మీద నమ్మకం పోయిందని తాత రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట ఆ మనిషే మనింటికొచ్చి, "మామా, కట్ట మీద ఎక్కడ ఏం చూడాలో నాకు తెలువదు, చూపియ్యి" అన్నాడు. తాత కర్ర తీసుకొని లేచాడు. కాలువలు అతనివి, తూము తాతది, కట్ట ఇద్దరిదీ. 1997లో చట్టమొచ్చి నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టినాక కూడా మా ఊళ్లో తూము దగ్గర నీరడి మాటే.

మా పొదుపు సంఘంలో పన్నెండు మందిమి, ఇద్దరం లీడర్లం. ఇద్దరి సంతకాలు పడితేనే బ్యాంకులో పైసలు కదులుతాయి. అప్పు ఎవరికివ్వాలో అందరం కూర్చొని చెప్తాం. కిస్తీ ఆగిన ఇంటికి మాత్రం నేనొక్కదాన్నే పోతాను. పన్నెండు మందిమి పోతే పంచాయితీకి పోయినట్టుంటుంది, ఎవరూ పోకపోతే పైసలు రావు.

అందుకే చెప్తున్నా, ఆ అమ్మాయితో కూర్చో. క్లయింటుకు జవాబు ఎవరు చెప్పాలి, అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే ఎవరి మాట నడవాలి, ఏవి ఇద్దరూ కలిసి తేల్చాలి, కాగితం మీద రాసుకోండి. నీ కింద పిల్లలు నీ దగ్గర ఒకమాట, ఆమె దగ్గర ఒకమాట వింటే నలిగిపోతారు. ఇదంతా చేసినాక కూడా నీ మాటకు విలువ లేకపోతే రిజైన్ చేయి, నేనేమీ అనను. కోపం మీద మాత్రం వద్దు. నువ్వు చిన్నప్పుడు కూడా కోపమొస్తే అన్నం వదిలేసేదానివి, ఇప్పుడు కూడా వదిలేస్తున్నావేమో.

చింతకాయ తొక్కు, సకినాలు ఆదివారం పొద్దున దేవరకొండ బస్సులో నాయిన తెస్తున్నాడు. ఎంజీబీఎస్‌కు నువ్వే రా, ఆయనకు సిటీలో తిరగరాదు. అప్పటిదాకా ఆగకు, ఈరోజే ఫోన్ చేయి.

అమ్మ