పోరాటకాలపు భర్మార్లకు ఒక దారి చూపండి: తెలంగాణ హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

1946-51 సాయుధ పోరాటం నాటి భర్మార్లు, అంటే గొట్టం మూతిలోంచి మందు దట్టించి పేల్చే నాటు తుపాకులు, ఇంకా కొన్ని ఇళ్ళలో అటకల మీద ఉన్నాయి. ఊరి కొలిమిలో పుట్టిన వాటికి కంపెనీ పేరుండదు, నంబరుండదు. 2016 నాటి ఆయుధాల నియమాల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే వీలుంది గానీ, అది చనిపోయిన మనిషికి లైసెన్సు ఉంటేనే. తాతకే లేనిది మనవడికి ఎలా వస్తుంది? 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకి ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ళ జైలు. భయపడిన ఇంటివాళ్ళకు తోచేది పాడుబావి ఒక్కటే.

ఆయుధాల చట్టం 45(సి) ప్రకారం, కాలం చెల్లిన లేదా పాడైన ఆయుధం మరమ్మతు చేసినా తుపాకిగా పనికిరానిదైతే చట్టం దానికి వర్తించదు. చిక్కంతా ఆ ‘మరమ్మతు చేసినా’ అన్నచోటే. భర్మార్ నిర్మాణం మరీ తేలిక కాబట్టి, తుప్పుపట్టినదాన్ని కూడా ఏ అధికారీ ధైర్యంగా పనికిరాదని రాయడు. పోనీ పురావస్తువు అందామా అంటే, 1972 చట్టానికి నూరేళ్ళు నిండాలి. 1947లో చేసిన తుపాకి 2047 దాకా ఆగాలి!

కాబట్టి గడువు పెట్టి, ఆ లోపు తుపాకి ఉందని కబురు పెట్టినవారిపై కేసు ఉండదని ప్రకటించేలా ఆయుధాల చట్టం సెక్షన్ 41 కింద మినహాయింపు కోసం కేంద్రానికి రాయండి. కర్ణాటకలోని కొడగు (కూర్గ్) వాసులకు తుపాకి లైసెన్సు నుంచి 2029 దాకా మినహాయింపు ఇచ్చింది ఆ సెక్షన్ కిందే. ప్రతి జిల్లాలో పోలీసు ఆర్మరర్ (ఆయుధాల మరమ్మతు నిపుణుడు), పురావస్తు శాఖ మనిషి కలిసి చూసి, తుపాకిని నిర్వీర్యం చేసి, ఫొటోతో ధ్రువపత్రం ఇవ్వాలి.

ఆ పనిలో ఒక ప్రమాదముంది. డెబ్బై ఏళ్ళు దాటినా గొట్టంలో మందు మిగిలి ఉండవచ్చు. ఆ తుపాకిమందు పొడిగా ఉంటే ఇప్పటికీ అంటుకుంటుంది. చూడకుండా వెల్డింగు పెడితే గొట్టం పగులుతుంది. ఆర్మరర్ ముందుగా సన్నటి కర్రపుల్లను మూతిలోంచి ఆగేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అదే పుల్లను గొట్టం పక్కన బయట ఆనించి చూడాలి. పుల్ల కొస నిప్పురంధ్రం (మందుకు నిప్పు అందే చిల్లు) దాకా రాకుండా నాలుగైదు వేళ్ళ ఇవతలే ఆగిందంటే లోపల ఏదో ఉంది. అప్పుడిక బాంబు నిర్వీర్య దళం పనే. ఇంట్లోవాళ్ళు మాత్రం ఈ పరీక్షకు పూనుకోకూడదు, ముట్టుకోకుండా కబురు పెట్టాలి.

నిర్వీర్యం చేసే రంధ్రం, వెల్డింగు గొట్టం అడుగున, కర్ర కప్పేచోట ఉండాలి. పైకి కనిపించే సుత్తిదెబ్బలు, అతుకు గీత అరగకూడదు. ఏ కొలిమి పనో చెప్పేవి అవే. మెరుపు కోసం ఉప్పుకాగితం పట్టిస్తే ఒక్క పూటలో అంతా పోతుంది. ఊడే తుప్పును మెత్తటి బ్రష్‌తో దులిపి, పలచగా మైనం పూస్తే చాలు. తోలు సంచిలో, గోనెలో చుట్టి పెట్టనివ్వకండి, చెమ్మ పట్టి లోలోపలే తినేస్తుంది.

ఇప్పటికే స్టేషన్ల మాల్‌ఖానాల్లో (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గదుల్లో) పడి ఉన్న భర్మార్లను ఈ పరీక్ష అయ్యేదాకా తుక్కు కింద కరిగించవద్దని ముందుగా ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి కేంద్రం అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
పాత ఆయుధాలు భద్రపరిచే పనివాళ్ళం