రామ్‌నగర్ చేప పొలుసులకు ఒక శుభ్రమైన గది కావాలి

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా తమ్ముడు బైక్ మీంచి పడితే మోకాలి కింద ఎముక నుజ్జయింది. ఆ ఖాళీ పూడ్చడానికి తుంటి దగ్గర ఎముక తీసి పెట్టారు. కాలు కుదురుకుంది, తుంటి నొప్పి మాత్రం ఏడాది దాటినా పోలేదు. డాక్టర్లను అనేదేం లేదు. పూడ్చడానికి సొంత ఎముకను మించింది ఇప్పటికీ రాలేదు.

ఆ రెండో కోత తప్పించాలనే మా ల్యాబ్‌లో కొల్లాజెన్ జెల్ మీద పనిచేస్తున్నాం. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ ప్రొటీన్. ఆమ్లంలో కరిగించి ఐసులో పెట్టిన కొల్లాజెన్ నీళ్లలా ఉంటుంది. ఆ పులుపు విరిచి 37 డిగ్రీలకు తెస్తే మెల్లగా తెల్లబడి, తోడుకున్న పెరుగులా వణుకుతుంది. ఇంతవరకూ తేలికే.

ఖనిజం ఎక్కించడం దగ్గరే తంటా. కాల్షియం, ఫాస్ఫేట్ ఊరికే కలిపితే సుద్దపొడిలా అడుగున పేరుకుంటాయి. కాస్త పాలీఆస్పార్టిక్ ఆమ్లం చేరిస్తే ఖనిజం వెంటనే గడ్డకట్టదు. జిలేబీలోకి పాకం ఎక్కినట్టు కొల్లాజెన్ పోగుల లోపలికి ఎక్కి, అక్కడ గట్టిపడుతుంది. మన ఎముకలోనూ ఖనిజం ఇలా పోగుల లోపల ఉంటుంది. ఇంతా చేసి ఆ జెల్ ఒంటి బరువు మోయలేదు, ప్లేట్లు, స్క్రూలు ఉండాల్సిందే. ‘ఎముకలు పుట్టించే జెల్’ అని పేపర్లో వస్తే నమ్మకండి సార్.

కొల్లాజెన్ మూడు పాయల జడలా ఉంటుందని 1954లో మద్రాసు నుంచే జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రపంచానికి చెప్పారు. మేమేమో ఈరోజుకీ విదేశీ ఎలుక తోక కొల్లాజెన్ చిన్న సీసాకు వేలు పోస్తున్నాం.

మృగశిర కార్తె నాడు రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు ఒక్కసారి రండి. రవ్వ, బొచ్చె పొలుసులు కాళ్లకు అంటుకుంటాయి. ఆ పొలుసులో కొల్లాజెన్, ఎముక ఖనిజం రెండూ ఉన్నాయి. పైగా చల్లటి సముద్రాల చేపల కొల్లాజెన్ కంటే మన చెరువు చేపలదే వేడికి బాగా తట్టుకుంటుంది. అదంతా చెత్తబండిలోకి పోతోంది.

సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో అందరూ వాడుకునే క్లీన్‌రూమ్, అంటే దుమ్ము, క్రిములు చొరబడని గది ఒకటి ఇప్పించండి. వైద్యానికి పనికొచ్చేలా కొల్లాజెన్‌ను శుద్ధి చేసి, పరీక్షించుకునే చోటు ఉంటే చాలు. మనుషుల మీద పరీక్షకు 2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం అనుమతి కావాలి. మా గదిలో ఏసీ కారుతుంటే కింద బకెట్ పెట్టుకున్నాం. ఆ బకెట్ పక్కన చేసిన జెల్ చూపించి ఏ మొహంతో అనుమతి అడగమంటారు? గది ఇప్పించండి చాలు, పొలుసుల డబ్బాలు మేమే మోసుకొస్తాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ల్యాబ్ ఉద్యోగి